ఆదివారం విన్న వాక్యం వారమంతా చేయడం ఎలా?

“వాక్యం బాగుంది అయ్యగారూ, ఇంతకీ రేప్పొద్దున లేచి నేనేం చెయ్యాలి?” గుంటూరు, విజయవాడ సంఘాల్లో ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర తరచూ వినపడే ప్రశ్న ఇది. దానికి “ప్రార్థనలో ఉండండి, ప్రేమ చూపించండి” అని జవాబిస్తే అడిగినవాళ్ల చేతికి ఏమీ అందదు. ప్రేమ చూపించాలంటే ఎవరికి, ఏ రోజు, ఎంత అన్న మూడూ తేలాలి. అవి కాగితం మీద పడేదాకా మన దగ్గర ఉన్నది ఉద్దేశమే. యాకోబు 2:15-16 చూడండి. తిండీ బట్టా లేనివాళ్లతో “సుఖంగా వెళ్లండి, చలి కాచుకోండి, తృప్తిగా తినండి” అన్నవాడు చెడ్డమాటేమీ అనలేదు. కప్పుకోవడానికి ఏమీ ఇవ్వలేదు, అంతే.

కింద చెప్పేది ఉద్యోగమో, దుకాణమో, కూలిపనో చేసుకుంటూ ఇల్లు నడుపుకునే మామూలు విశ్వాసి కోసం. వారానికి నాలుగైదు గంటలు చాలు.

కావలసినవి

- వంద పేజీల రూళ్ల నోటుబుక్కు, పెన్ను. ఫోన్లో రాసుకుంటామంటారు చాలామంది. ఫోన్లో రాసింది మళ్లీ తెరిచి చూసేవాళ్లు తక్కువ.
- అచ్చు బైబిలు. యాప్ తెరిస్తే పక్కనే వాట్సాప్ పిలుస్తుంది.
- మూడు కవర్లు.
- మీతో తిరిగే మనిషి ఒకరు. ఇక్కడ “జత” అంటాం. ఆడవాళ్ల వార్డులకు వెళ్లాలంటే జతలో ఒక ఆడమనిషి తప్పనిసరి.
- వారంలో ఒక సాయంత్రం, రెండు గంటలు, ప్రతి వారం అదే రోజు. “వీలైనప్పుడు” అని పెట్టుకుంటే ఆ వీలు కుదరదు.

1. పొద్దున ఇరవై నిమిషాలు, ఒక్క పేరు

ఫోన్ చేతిలోకి తీసుకోకముందే కూర్చోండి. పది పదిహేను వచనాలు చదవండి, ప్రార్థన చేసుకోండి, ఆఖరి ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండండి. తర్వాత నోటుబుక్కులో తేదీ వేసి ఒక పేరు రాయండి. ఆ మనిషిని మీరు ఇవాళ కలవగలగాలి, కనీసం ఫోన్ చేయగలగాలి. “దేశం కోసం”, “నశించిపోతున్న ఆత్మల కోసం” అన్నవి ప్రార్థనలో ఉండొచ్చు, ఈ పుస్తకంలోకి మాత్రం రావు. పేరు పక్కన చేయబోయే పని ఒక్క ముక్కలో రాయండి: “కాంతమ్మ గారు, కళ్లచుక్కల మందు తెచ్చివ్వాలి.” రాత్రి పడుకునే ముందు అయితే టిక్కు, కాకపోతే సున్నా.

పిల్లల్ని బడికి పంపే తల్లులు వాళ్లు వెళ్లాక చేసుకోవచ్చు. రాత్రి డ్యూటీవాళ్లు ఇంటికొచ్చి స్నానం చేశాక చేసుకోవచ్చు. తెల్లవారుజామున కావడం ముఖ్యం కాదు, రోజూ ఒకే వేళకు కావడం ముఖ్యం.

రెండు పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పొద్దున్నే వాక్యం బొమ్మను పన్నెండు గ్రూపులకు పంపి ఆ రోజు పని అయిపోయిందనుకోవడం ఒకటి. ఇంటి ప్రార్థనకు మైకు పెట్టడం రెండోది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని నిబంధన ఉంది. అది గుర్తులేకపోతే సామెతలు 27:14 చదవండి. వేకువనే లేచి గొంతెత్తి పొరుగువాణ్ని దీవిస్తే ఆ దీవెన అతనికి శాపం లెక్కేనట. మన వీధులు చూసి రాసినట్టుంటుంది.

2. జీతం రోజున మూడు కవర్లు

1 కొరింథీయులకు 16:2లో పౌలు చెప్పిన పద్ధతి ఇదే: రాబడిని బట్టి, వారం మొదటి రోజున, ముందే తీసి పక్కన పెట్టడం. నెలకు 20,000 వస్తుందనుకుందాం. మొదటి కవరులో సంఘానికి ఇచ్చేది, దశమభాగమైతే 2,000. రెండో కవరులో చేతిసాయానికి 600. మూడోదాంట్లో ఆటో, బస్సు, జిరాక్సు ఖర్చులకు 200. కూలిపనివాళ్లు శనివారం శనివారం వేసుకోండి. మూడు కవర్లూ నిండకపోతే రెండోదాన్ని తగ్గించండి, తీసేయకండి. వంద రూపాయలున్నా అది ఒక రోగి ఇంజెక్షన్‌కు తక్కువపడ్డ వంద కావచ్చు.

రెండో కవరు దగ్గర జాగ్రత్తలు:

- అప్పుగా ఇవ్వకండి. ఇవ్వగలిగితే ఇచ్చేయండి, లేకపోతే లేదని చెప్పండి. సంఘంలో అప్పిచ్చారంటే నెల తిరిగేసరికి ఆ మనిషి మీకు ఎదురుపడటం మానేస్తాడు, ఆరు నెలలకు గుడికి రావడం మానేస్తాడు.
- మందులైతే మందుల షాపులో, ఫీజు అయితే స్కూల్లో నేరుగా కట్టండి, రసీదు వాళ్లకే ఇవ్వండి.
- చిట్టీకో బ్యాంకు లోనుకో హామీ సంతకం పెట్టడం సాయం కిందికి రాదు. సామెతలు 22:26-27 ప్రకారం ఆఖరికి మీ కింద పరుపు కూడా పోతుంది.
- నలుగురి దగ్గర వసూలు చేయాల్సి వస్తే మీ సొంత ఫోన్‌పే నంబరు ఇవ్వకండి. సంఘం ఖాతాకు రప్పించి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఇద్దరి సంతకాలతో వారంలోపు అంటించండి. మంచి పనులు చెడగొట్టే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడ మొదలవుతాయి.

3. దానం కంటే ముందు బాకీ

ఇది దాటేసి ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లు చాలామంది. పనిమనిషికి జీతం పదో తేదీ దాకా ఆపి, ఐదో తేదీన అనాథాశ్రమానికి బియ్యం మూట పంపితే లెక్క తప్పినట్టే. ద్వితీయోపదేశకాండము 24:15 కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇవ్వమంటుంది. అలా ఇవ్వాలంటే ఏం కావాలో చూడండి.

అడ్డా మీద నుంచి కూలీని పిలిచినప్పుడు రేటు అక్కడే, మాటల్లో తేల్చండి. టీ, భోజనం ఎవరివో కూడా అప్పుడే. ముందురోజే వంద, యాభై నోట్లు తెచ్చిపెట్టుకోండి. సాయంత్రం ఐదుకు “చిల్లర లేదు, రేపు రా” అన్న మాట వల్లే సగం కూలీలు రాత్రి సరుకులు కొనలేకపోతారు. పని నచ్చకపోతే పని జరుగుతుండగా చెప్పండి, డబ్బులిచ్చేటప్పుడు కోయకండి.

దుకాణం ఉంటే: కాటా మీద ఏమీ లేనప్పుడు సున్నా చూపిస్తోందా? ముద్ర ఉన్న అరకిలో రాయి రోజూ పొద్దున పెట్టి చూడండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించుకోవాలి. కవరు, డబ్బా బరువు తీసేశాకే తూకం వేయండి. మిర్చి, పత్తి వ్యాపారంలో ఉన్నవాళ్లు తరుగు పేరుతో ఎంత తీస్తున్నారో బస్తా విప్పకముందే రైతుకు చెప్పండి. దొంగ త్రాసు దేవునికి అసహ్యమనే సామెతలు 11:1 గోడకు వేలాడదీసే ముందు కాటా సరిచూసుకోవడం నయం.

4. ఆసుపత్రి పరామర్శ

వారంలో ఆ రెండు గంటలూ దీనికే పెట్టమని మా సలహా. మత్తయి 25:36లో ఉన్న పని, డబ్బు లేనివాళ్లూ చేయగలిగిన పని. గుంటూరుకు ఇది కొత్త కాదు కూడా. 1883లో ఇక్కడికొచ్చిన అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. అంటే కట్టడం లేవక ముందు పదిహేనేళ్లు గడిచాయి, ఆ ఏళ్లలోనూ రోగుల్ని చూస్తూనే ఉన్నారు.

ఏ ఆసుపత్రి? మీకు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి, అందులో ఒకే వార్డు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్) అయితే పల్నాడు, ప్రకాశం వైపు పల్లెల నుంచి వచ్చి చుట్టాలెవరూ లేని రోగులు ఎప్పుడూ ఉంటారు. ముందు వార్డు సిస్టర్‌ను కలిసి మీ పేరు, సంఘం పేరు చెప్పండి. ఏ వేళలో రావచ్చు, ఎవరి దగ్గరకు వెళ్లకూడదు అని అడగండి. ఆవిడ వద్దంటే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి. ఐసీయూ, పసిపిల్లల యూనిట్, కొత్తగా ఆపరేషనైన వార్డు మీవి కావు. టీబీ వార్డుకు మాస్కు లేకుండా పోకండి. మీకే జలుబు, దగ్గు ఉంటే ఆ వారం మీరు వెళ్లకండి, జత కూడా ఒక్కరే వెళ్లకుండా ఇంకొకర్ని తోడు చూసుకోవాలి.

సంచిలో పెట్టుకోవాల్సినవి: వేడినీళ్ల ఫ్లాస్కు, రెండు పాత శుభ్రమైన దుప్పట్లు, సబ్బు, పేస్టు, దువ్వెన, ఫోన్ చార్జర్, పెన్నులు, తెల్లకాగితాలు. పళ్లబుట్ట వద్దు. ఎందుకంటే షుగరు ఉన్నవాళ్లకు ద్రాక్ష, సపోటా ఇబ్బంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కొబ్బరినీళ్లు, అరటిపండు ప్రమాదం, వాటిలో పొటాషియం ఎక్కువ. ఆపరేషన్‌కు తయారవుతున్నవాళ్ల నోట్లో నీళ్లు కూడా పడకూడదు. ఏమైనా తినిపించాలనిపిస్తే సిస్టర్‌ను అడగందే మూత తీయకండి.

అన్నం పొట్లాలు పంచుదామంటారు చాలామంది. మంచిదే, కానీ ఒక సంగతి గమనించండి. అన్న క్యాంటీన్లో 5 రూపాయలకు భోజనం దొరుకుతోంది. చాలాసార్లు అటెండెంటుకు కొరత అన్నం కాదు, అక్కడిదాకా వెళ్లి తిని వచ్చేవరకు మంచం పక్కన కూర్చునే మనిషి. “అమ్మా, మీరు వెళ్లి భోంచేసి స్నానం చేసి రండి, సెలైను అయిపోతే సిస్టర్‌ను పిలుస్తాను” అని చెప్పి ఒక గంట స్టూలు మీద కూర్చోండి. రెండు రోజులుగా ఒకే చీరలో ఉన్న తల్లికి ఆ గంట విలువేమిటో ఆవిడ లేచి వెళ్లే వేగంలోనే తెలుస్తుంది. సెలైను సీసాలో నీళ్లు అడుగుకు వచ్చేదాకా ఫోన్ చూడకండి.

రెండో పెద్ద అవసరం కాగితాలు. రక్తపరీక్ష రిపోర్టు ఎక్కడిస్తారో, స్కానింగు గది ఎటో తెలియక చదువురాని వాళ్లు తిరుగుతూనే ఉంటారు. వాళ్లతో నడవండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యమైతే వైద్యమిత్ర కౌంటర్ ఎక్కడుందో చూపించండి, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు మూడేసి తీయించి ఇవ్వండి. ఊళ్లో కార్డు మర్చిపోయి వచ్చినవాళ్లుంటే ఫోన్లో ఫొటో తెప్పించండి. సందేహాలకు 104కు ఫోన్ చేయొచ్చు. అసలు కాగితాలు మాత్రం మీ చేతిలో ఉంచుకోకండి, చూసి వెంటనే ఇచ్చేయండి.

మంచం దగ్గర ఇలా:

- లోపలికి వెళ్లేముందు, బయటికి వచ్చాక సబ్బుతో చేతులు కడగండి. మంచం మీద కూర్చోకండి.
- ఒక్కో రోగి దగ్గర పది నిమిషాలు. వాళ్లు ఎక్కువ మాట్లాడితే మంచిదే, మీరు తక్కువ మాట్లాడండి. “మా బాబాయికీ ఇదే జబ్బు, పోయాడు” అనే కబుర్లు వార్డులో రోజూ వినపడతాయి, మీ నోట రాకూడదు.
- ప్రార్థన చేయమంటారా అని అడగండి. వద్దన్నా, మొహం తిప్పుకున్నా సరే అని వేరే సాయం అడగండి. హిందువులు, ముస్లింలు చాలామంది చేయమనే అంటారు. అన్నంత మాత్రాన అదే సందు చూసుకుని ప్రసంగం మొదలెట్టకండి. చేసిన సాయానికి ప్రార్థన వెల కాదు. కరపత్రాలు వార్డులోకి తేవద్దు.
- ప్రార్థన రెండు నిమిషాలు, పక్క మంచానికి వినపడనంత గొంతుతో. చేయి వేయాలంటే భుజం మీద వేయండి, కుట్ల దగ్గరా సూది ఉన్న చేతి మీదా వద్దు.
- “నువ్వు తప్పక లేస్తావు” అని దేవుడి పేరున మాటివ్వకండి. మందులు ఆపమని ఎవరితోనూ, ఎట్టి పరిస్థితిలోనూ అనకండి. మీ జతలో ఎవరైనా అలా అంటే అక్కడే సరిదిద్దండి, ఆ మనిషిని మళ్లీ వార్డుకు తీసుకెళ్లకండి. ఇందులో మొహమాటం పనికిరాదు.
- ఫొటోలు తీయకండి. మత్తయి 6:3లో ఎడమచేతికి తెలియకూడదన్నది ఫేస్‌బుక్‌కు తెలియడం ఏం బాగుంటుంది?

డిశ్చార్జి అయ్యాక కథ మొదలవుతుంది, చాలా సంఘాలు అక్కడే వదిలేస్తాయి. ఫోన్ నంబరు తీసుకుని మూడో రోజున ఒకసారి, పదో రోజున ఒకసారి ఫోన్ చేయండి. అడగాల్సినవి: మాత్రలు ఎన్ని మిగిలాయి, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, రావడానికి బస్సు డబ్బులున్నాయా.

5. రక్తం

జతలో ఎవరిది ఏ గ్రూపో నోటుబుక్కు అట్ట లోపల రాసిపెట్టుకోండి. వయసు 18 నుంచి 65 మధ్య, బరువు 45 కిలోలు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కూర్చుని అటునుంచి అటే రక్తం ఇవ్వడానికి వెళ్లి కళ్లు తిరిగి పడిపోవడం మామూలుగా జరిగే సంగతే. ఉపవాసం ఒకరోజు, రక్తం ఇంకోరోజు.

6. సమాధానపడటం

ప్రభువు బల్ల ఉన్న ఆదివారానికి ముందు గురువారం, మాటలు లేని మనిషి పేరు నోటుబుక్కులో రాయండి. మత్తయి 5:23-24 ప్రకారం కానుకను బలిపీఠం దగ్గరే వదిలి వెళ్లాల్సింది మీరు. తప్పెవరిది అన్న లెక్క అక్కడ లేదు. స్వయంగా వెళ్లండి, వాయిస్ మెసేజ్ పంపకండి, పెద్దమనిషిని వెంటబెట్టుకుని పోకండి. “ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది వదినా” అని ఆపేయండి. దాని వెనక “కానీ నువ్వు కూడా...” అన్న మాట వచ్చిందంటే తిరిగి మొదటికి వచ్చినట్టే. అవతలివాళ్లు తలుపు తీయకపోతే నెల ఆగి ఇంకోసారి. ఆస్తి తగాదాలు, కొట్టే భర్తలు ఈ లెక్కలోకి రావు. వాటికి లాయరు, పోలీసు అవసరం. దెబ్బలు తింటున్న మనిషిని “ఓర్చుకో తల్లీ” అని అదే ఇంటికి తిప్పి పంపడం సమాధానపరచడం కాదు.

7. ఎండ, వరద

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గుడి గోడ పక్కన చలివేంద్రం పెట్టొచ్చు. కొత్త కుండలు ఒకరోజు నానబెట్టి ఇసుక మీద కుదురుగా పెట్టండి. మూత, పొడుగు కాడ గరిటె ఉండాలి, గ్లాసు కుండలో ముంచనివ్వకండి. 20 లీటర్ల క్యాను పావులీటరు గ్లాసు చొప్పున 80 మందికి వస్తుంది, దాన్ని బట్టి లెక్క వేసుకోండి. మజ్జిగ అయితే లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు, పొద్దున సగం, మధ్యాహ్నం సగం కలపండి. ఒకేసారి కలిపితే రెండింటికల్లా పులిసిపోతుంది. చలివేంద్రాలు చెడేది నీళ్లు లేక కాదు, మొదటి వారం రిబ్బను కోసి ఫొటో దిగినవాళ్లు పదో రోజున కనిపించక. రోజుకొకరి పేరుతో వరస రాసి గోడకు అంటించాకే మొదటి కుండ పెట్టండి.

వరదలొస్తే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటి విజయవాడ సింగ్‌నగర్ గుర్తు తెచ్చుకోండి. నీళ్లమధ్య పై అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్లకు కావలసింది తాగునీళ్లు, పాలపొడి, కొవ్వొత్తులు, శానిటరీ ప్యాడ్లు, బీపీ, షుగరు మాత్రలు. పాతబట్టల మూటలు మనకు బరువు తగ్గించుకోవడానికే పనికొస్తాయి. నీళ్లు తగ్గాక కావలసినవి చీపురు, బ్లీచింగు పొడి, బురద ఎత్తే పార, నాలుగు చేతులు.

జరుగుతోందా లేదా, ఎలా చూసుకోవాలి?

నెలాఖరున నోటుబుక్కు తీసి జతతో కూర్చోండి. టిక్కులు ఎన్ని, సున్నాలు ఎన్ని? సున్నాలు సగం దాటితే పనులు పెద్దవి పెట్టుకుంటున్నారని అర్థం, చిన్నవి చేయండి. పేర్లన్నీ మీ సంఘంవాళ్లవే, మీ కులంవాళ్లవే అయితే లూకా 10లో సమరయుడి కథ మళ్లీ చదివి, వచ్చే నెలకు బయటి పేర్లు రాయండి. రెండో కవరులో డబ్బు మిగిలిపోతోందంటే మీరు అడగడం లేదు, ఇబ్బంది ఉన్నవాళ్లు తమంతట తాము చెప్పరు.

ఇంకో పరీక్ష కష్టమైనది. ఇంట్లో పిల్లల్ని, పనిమనిషిని, దుకాణంలో కుర్రాణ్ని వేరువేరుగా అడగండి: “ఈ నెల నా వల్ల నీకు ఇబ్బంది ఎక్కడ కలిగింది?” వాళ్లు వెంటనే “ఏం లేదండీ” అంటే నమ్మకండి, భయపడుతున్నారు. మూడోసారి అడిగినప్పుడు నిజం వస్తుంది. అప్పుడు సంజాయిషీ ఇవ్వకుండా రాసుకోండి.

“మా ఇంట్లో నేనొక్కదాన్నే విశ్వాసిని, నావల్ల అవుతుందా?”

అవుతుంది. మీకంటూ సంపాదన లేకపోతే రెండో మెట్టు పూర్తిగా వదిలేయండి. ఇంటి ఖర్చుల డబ్బులో చాటుగా తీసి కవరులో వేయకండి. అది బయటపడిన రోజు డబ్బుతోపాటు నమ్మకమూ పోతుంది. పొద్దున ఇరవై నిమిషాలు ఇంట్లో కుదరకపోతే వంట చేస్తూనే ఒక పేరు అనుకోండి, పుస్తకం జత దగ్గర ఉంచండి. ఆసుపత్రికి వెళ్లే సాయంత్రం ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో చెప్పే వెళ్లండి, చెప్పిన వేళకు తిరిగి రండి. ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకోండి, కండక్టరు అడిగినప్పుడు చూపించి జీరో టికెట్ తప్పకుండా తీసుకోండి.